రిజిస్టరులో మా అయ్య పేరు లేదు

తాయారు టీచరు ఆ పుస్తకం నా ఏపు తిప్పి, ఓ వరస మీద ఏలెట్టి, "ఇది మీరేనా అండి?" అన్నాది.

నేనే. సనపల తవిటయ్య. సేరినది 1973 జూన్. వయసు ఆరు. అంతా మా ఆదాము మేస్టారి దస్తూరీయే, జొన్నగింజలు పేర్సినట్టు గుండ్రంగా. ఆ పక్కది తండ్రి పేరు గడి. మా అయ్య పేరు అప్పలసూరి. గడిలో ఆ పేరు లేదు. "ఆదాము" అని ఉన్నాది.

మల్లీ సదివాను. నాలుగో తరగతిలో ఆపీసినోణ్ణి, కూడబలుక్కుని సదువుతాను. అయినా మూడక్షరాల పేరు తప్పు సదవడానికేటున్నాది?

"మేస్టారు సంతకం ఎట్టబోయి ఇక్కడెట్టీసుంటారమ్మా" అన్నాను.

"సంతకం సివరి గడిలో ఉందండి. ఇది తండ్రి గడే" అన్నాది. ఆ పిల్లది మా ఊరు కాదు, టెక్కలి నించి రోజూ బస్సులో వస్తాది. తల దించుకున్నాది. ఏటి అనుకున్నాదో ఆ దించుకోడంలోనే తెలిసిపోనాది.

గుమ్మంలో పిల్లలకి అన్నం వండీ నారాయణమ్మ గరిటె పట్టుకుని నిలబడున్నాది. "ఓలమ్మో!" అన్నాది. అంతే. దాని నోటమ్మట ఓలమ్మో వొచ్చిందంటే పొద్దుగూకీలోగా గెడ్డపేట అంతా ఎరికైపోద్ది.

అది 2014. నాకు నలబయ్యేడేళ్ళు. నరసన్నపేట రైసుమిల్లులో కలాసీని, బస్తాలు మోస్తాను. మా ఝాన్సీ ఇంటర్ పాసయ్యి, టీచర్ ట్రైనింగు పరీక్ష రాసి, సీటు తెచ్చుకున్నాది. మా ఇంట్లో ఉద్యోగం దరిదాపులకి ఎల్లిన మనిషి అదొక్కర్తే. వొచ్చీ బుదవారం కాయితాలు సూపించాల. అన్నీ ఉన్నాయి, కులం సర్టిఫికెట్టు ఒక్కటే లేదు. ఎమ్మార్వో ఆఫీసుకెల్తే గుమస్తా "నువ్వు చదువుకున్నావా?" అని అడిగినాడు. లేదండి అనీస్తే పోయీది. నేను గొప్పకి పోయి, "నాలుగు దాకా సదివానండి, ఆదాము మేస్టారి దగ్గర" అన్నాను. "అయితే నీ బడి రికార్డు నకలు పంపమని టీచరుకి రాస్తాను. అది చూసి ఇస్తాం" అన్నాడు.

ఆ నకలు కోసమే బడికెల్లాను. ఆ రికార్డు ఇదీ. కులం గడిలో ఏటీ లేదు, సిన్న గీత ఉన్నాది. తండ్రి ఆదాము. ఆయన కిరస్తానీ, బీసీలో సి. మేవు డి. ఝాన్సీకి సీటొచ్చింది డి లోన. ఈ నకలు ఇలాగే ఎల్తే ఆ సీటు సెల్లదు.

"పంపక తప్పదండి. సోమారం దాకా ఆపుతాను, అంతకంటే నావల్ల కాదు" అన్నాది తాయారు టీచరు. అయేల గురువారం.

ఆదాము మేస్టారి గురించి సెప్తే గాని నేనెందుకంత బయపడ్డానో మీకు తెల్దు.

ఆయనది బొబ్బిలి ఏపు. మిషను బోర్డింగులో ఉండి సదువుకున్నోరు. మా ఊరొచ్చీసరికి ముప్పయి దాటున్నాయంట. కిరస్తానీ అని, పుట్టింది మాలపేటలో అని, ఊర్లో ఎవులూ ఇల్లివ్వలేదు. గెడ్డకి అవతల ఒడ్డున పాక ఏసుకున్నారు, ఆయనా, బార్య దానమ్మ గారూ. ఏ ఇంటికాడైనా దాహం అంటే దోసిలి పట్టమని పైనించి నీల్లు పోసీవోరు. తాగి, దణ్ణం ఎట్టి, "పిల్లణ్ణి రేపు పంపండి" అనీవోరంట. వానాకాలం గెడ్డ పొంగితే సొక్కా ఇప్పి, రిజిస్టరు అందులో సుట్టి, నెత్తినెట్టుకుని దాటీవోరు. ఎనక్కెల్లినప్పుడు అదే రిజిస్టరు బడిలో బీరువాలో ఎట్టి తాళం ఏసీసీవోరు. "గవర్నమెంటుది. ఇంటికి తీసుకెల్లకూడదు" అనీవోరు.

బడి గంట అంటే ఇరిగిపోయిన నాగలి కర్రు. తాడుకట్టి ఏలాడదీసి, రాయెట్టి కొట్టీవోరు. గొడ్లు కాసీ పిల్ల గుంటలు గంటకి రారు కదా, ఆల్ల కోసం ఆయనే గొడ్లెనక ఎల్లీవోరు.

"గేదెకి నాలుక్కాళ్ళు. ఏడు గేదెలకి ఎన్నిరా?"

"మా బుచ్చిగేదెకి ఓ కాలు కుంటి మేస్టారూ. దాన్నెలగ లెక్కెట్టాల?"

"కుంటికాలైనా అడుగేస్తాది కదరా. కలుపు."

కలకత్తా జూటుమిల్లుల నించి ఉత్తరాలొస్తే ఊరంతటికీ ఆయనే సదివీవోరు. ముందు తనలో తను సదూకుని, "మజ్జిగ తాగొచ్చి కూర్చో తల్లీ" అన్నారంటే సావు కబురని తెలిసిపోయీది. నీల్లు పైనించి పోసినోల్లే ఓ ఏడు తిరిగీసరికి సెంబు సేతికిచ్చీవోరు.

ఇంకొకటి. పక్కూరి బడి రిజిస్టరులో అరవై మంది పిల్లలుండీవోరు, బెంచీల మీద ముప్పయ్యే. మా బడిలో రాసింది ఇరవై ఇద్దరు, కూకున్నదీ ఇరవై ఇద్దరే. ఇనస్పెక్టరు మెమో ఇచ్చినాడు, పిల్లలు తక్కువున్నారని. "లేని పిల్లల్ని ఎక్కణ్ణించి తెచ్చి రాయనండీ?" అన్నారంట. ఆ మాట మండలం అంతా సెప్పుకునీవోరు. ఆదాము మేస్టారు రాసిందంటే నిజమే అని పేరు.

అందుకే నాకు బయమేసింది. అబద్దం రాయని మనిషి నా తండ్రి గడిలో తన పేరు రాసుకున్నారు.

మా అమ్మ కూర్మమ్మ. నాకు పదిహేనేళ్ళప్పుడు పోయింది. అయ్య పోయి పదేళ్ళు. అడగడానికి ఎవులూ లేరు. బడి నించి ఇంటికి పావుమైలు. ఆ పావుమైలూ మా అమ్మ గురించి నేను అనుకున్నవి ఇక్కడ రాయను.

నాకంటే ముందు కబురు ఇంటికి సేరిపోనాది. నా పెళ్ళాం చిన్నతల్లి గుమ్మంలోనే నిలబడున్నాది.

"సదువుకోలేదని సెప్పీస్తే పోయీది కద మావా. నాలుగో క్లాసుకే అంత గొప్పేటి నీకు?"

ఝాన్సీ ఫారం ముందెట్టుకుని కూకున్నాది. "నాన్నా, తాతయ్య పేరు అడుగుతాడు ఇక్కడ. ఏటి రాయమంటావు?" అన్నాది. ఎగతాళి కాదు, దానికీ తెల్దు. నేను తువ్వాలు భుజానేసుకుని మిల్లుకెల్లిపోనాను.

మిల్లు కాడ త్రినాథ్ అనీ ఓ కలాసీ ఉన్నాడు, నోరు ఊరుకోదు. "ఒరే తవిటీ, ఈసారి కిరస్మస్‌కి మాకు కేకు ఎట్టాలిరోయ్" అన్నాడు. ఈపు మీద బస్తా అలాగే వొదిలీసి ఆడి మెడ పట్టుకున్నాను. నలుగురు ఇడదీసారు. బస్తా పగిలి బియ్యం అంతా కింద పోసుకుపోనాది. మేస్త్రీ తిట్టినాడు. బియ్యం అంతా నేనే ఎత్తాను.

శుక్రవారం అంతా అలాగే గడిసిపోనాది. శనారం పొద్దున్న చిన్నతల్లి నా సొక్కా ఉతికి ముందెట్టినాది. "ఆ మేస్టారు బతికే ఉన్నారంట. దానమ్మ గారు పోయాక శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డులో మేనకోడలింట్లో ఉంటన్నారంట. ఎల్లి అడుగు."

"ఏటని అడగాల? నువ్వు మా అయ్యవా అనా?"

"అదే అడుగు. కాదంటే సంతోషం. అవునన్నా పిల్ల సీటు కోసం ఏదో సెయ్యమను. మొగోడివి, సిగ్గుకి పోయి గుంటని గేదెల్లోకి తోలీకు."

ఆ మాటకి బస్సెక్కాను.

మేస్టారు వరండాలో కుర్చీలో కూకుని తోటకూర ఏరతన్నారు. ఎనబై రెండేళ్ళు. ఎముకలకి పంచె కట్టినట్టున్నారు.

"ఎవరదీ?"

"గెడ్డపేట తవిటయ్యని మేస్టారూ."

"నాలుగో క్లాసు ఆరు నెలల పరీక్ష ఎగ్గొట్టిన తవిటయ్యా?"

"ఆణ్ణే."

"కూర్చో అయితే. ఇప్పుడు రాద్దువు గాని" అని నవ్వినారు. నేను బడి మానీసాక ఆయన మూడుసార్లు మా ఇంటికొచ్చారు. మూడుసార్లూ నేను గడ్డిమేటెనక దాక్కున్నాను. ఆ కోపం ఏటీ లేదు మొకంలోన. ఎలగో ఝాన్సీ సీటు గురించి సెప్పాను, రిజిస్టరు గురించి సెప్పాను, గడిలో పేరు దగ్గర ఆగిపోనాను.

మేస్టారు అద్దాలు తీసీసారు. "మీ అమ్మని ఏమన్నా అనుకున్నావా?"

నేను నేల సూసాను.

"అనుకున్నావన్న మాట. రేపో మాపో మనవలొచ్చే వయసు, లేకపోతే చెంప పగలగొట్టుదును. ఒరే, నీకు తవిటయ్య అని ఎందుకెట్టారు పేరు?"

"తవుడికి అమ్మీసినారని."

అది మా ఏపు పద్ధతి. పుట్టిన పిల్లలు పుట్టినట్టు పోతుంటే, ఆ మీద పుట్టినోణ్ణి సేటలో ఎట్టి, బయటోల్లకి గుప్పెడు తవుడికి అమ్మీస్తారు. అక్కణ్ణించి పిల్లడు కొన్నోల్లోడు. తల్లి ఊరికే పాలిచ్చి పెంచీదే. అలాగైతే ఆ పిల్లణ్ణి తీసుకెల్లీ పీడకి ఇల్లు తెల్దంట. నా ముందు ముగ్గురు పోయారని, నన్ను అమ్మీసినారని ఎరుగుదును. కొన్నదెవులో పిల్లడికి సెప్పకూడదు, అందుకు మా అమ్మ సెప్పలేదు.

"కొన్నది దానమ్మ" అన్నారు మేస్టారు.

"మీ దానమ్మ గారా?" అన్నాను.

"నీకు పదకొండో రోజు. వానలో మీ అమ్మ చేటలో నిన్ను పెట్టుకుని గెడ్డ దాటి వచ్చింది. మీ వాళ్ళలో ఎవరు కొన్నా ఆ పీడ వెతుక్కుంటా వస్తుందట. మా దేవుడు వేరు, మా పాక ఊరి బయట, దారి తెలీదని మా దగ్గరకొచ్చింది. నేను కుదరదన్నాను. పిల్లల్ని అమ్మడం కొనడం మాలో పాపం, ప్రార్థన చేస్తాను కూర్చోమన్నాను. బైబిలు తేవడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి దానమ్మ మేకకి పెట్టే తవుడు సోలెడు మీ అమ్మ కొంగులో పోసేసింది. నువ్వు దాని చేతిలో ఉన్నావు." అద్దాలు మల్లీ ఎట్టుకున్నారు. "నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు నేను."

"మరి రిజిస్టరులోన..."

"మీ అమ్మ నిన్ను బడిలో చేర్చడానికి తీసుకొచ్చింది. తండ్రి పేరు అడిగితే చెప్పదు, మొగుడి పేరు ఆడవాళ్ళు నోటితో అనరు కదా. నాకు తెలుసు, రాయబోయాను. చెయ్యి పట్టుకుంది. పుస్తకంలో ఆయన పేరెక్కితే అమ్మకం ఇరిగిపోద్ది, పిల్లడు నాకు దక్కడు, కొన్నోల్ల పేరే రాయండి అంది. అది తప్పమ్మా అన్నాను. అయితే బడొద్దు అని నీ రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాక్కుపోయింది. దాటితే నువ్వు గేదెల వెనక పోతావు. రాసేశాను."

"కులం గడిలో గీతెందుకెట్టారు?"

"రెండో అబద్ధానికి చెయ్యి రాలేదు."

గేదెల్లోకి పోకుండా నా కోసం అబద్దం రాసినారు. నేను నాలుగేళ్ళకే మానీసి ఆ గేదెల్లోకే పోనాను. ఆయన ఆ మాట అనలేదు. అనుంటే బాగున్ను.

"మేస్టారూ, ఆ రాసింది తప్పని మీరొచ్చి ఎమ్మార్వోకి సెప్పాల. లేపోతే సీటు పోద్ది" అన్నాను.

లోపల్నించి మేనకోడలు శాంతి గారు పరుగెత్తుకొచ్చారు. "వద్దు మావయ్యా! గవర్నమెంటు పుస్తకంలో తెలిసి తప్పు రాసానని సంతకం పెడతారా ఎవరైనా? కేసెడతారు. ఈ వయసులో కోర్టు చుట్టూ ఎవరు తిప్పుతారు మిమ్మల్ని? చర్చిలో పెద్ద మీరు, రేపు సంఘంలో ఏమంటారు?" నా ఏపు తిరిగి, "మీకైనా ఉండక్కర్లేదా బాబూ" అన్నారు.

ఆమె అన్నదాన్లో తప్పు లేదు. నేను లెగిసిపోయాను.

"శాంతీ, నా చెప్పులు ఎక్కడున్నాయి?" అన్నారు మేస్టారు.

సోమారం ఎమ్మార్వో ఆఫీసుకి ఆటోలో తీసుకొచ్చాను. ఎమ్మార్వో మేడం నడివయసు మనిషి. మేస్టారు నిలబడే సెప్పారు. "ఆ పేరు రాసింది నేను. తెలిసే తప్పు రాశాను. ఈ పిల్లడు సనపల అప్పలసూరి కొడుకు."

నలబయ్యేడేళ్ళోణ్ణి పిల్లడు అన్నందుకు గుమస్తా పక్కుమన్నాడు. మేడం నవ్వలేదు. "తాతగారూ, పొరపాటున పడిందని రాయండి. తెలిసి రాసానంటే మీ మీదకి వస్తుంది" అన్నాది.

"పొరపాటున అంటే అది ఇంకో అబద్ధం అమ్మా."

నాకు ఆయన కాళ్ళు పట్టుకుని ఆపాలనిపించింది. ఝాన్సీ గుర్తొచ్చి పట్టుకోలేదు. అది కూడా రాయాల, రాస్తన్నాను. ఆయన కుర్చీ లాక్కుని, మొత్తం కథ ఓ కాయితం మీద రాసి సంతకం ఎట్టారు. చెయ్యి ఒక్కసారి కూడా వొణకలేదు. మేడం రెండుసార్లు సదివినాది. మా ఊర్నించి ఇద్దరు పెద్దల్ని పిలిపించి, నేను అప్పలసూరి కొడుకునే అని సెప్పించుకున్నాది. నారాయణమ్మ పిలవకుండానే వొచ్చీసి, "మాకెప్పుడో తెలుసు కదమ్మా" అన్నాది. మంగలారం మధ్యాన్నానికి ఝాన్సీ సర్టిఫికెట్టు సేతికొచ్చింది. మేస్టారి మీద కేసు ఎట్టలేదు. ఆ కాయితం ఫైల్లో ఎట్టి, రిజిస్టరు సరిసెయ్యమని బడికి రాసినాది.

తాయారు టీచరు సరిసేస్తానన్నాది. మేస్టారు ఒప్పుకోలేదు. "రాసినవాడే కొట్టెయ్యాలి" అన్నారు. శాంతి గారింట్లో ఆ రాత్రికి ఆగమన్నా ఆగకుండా, ఆ మంగలారమే ఆటోలో గెడ్డపేట వొచ్చారు. గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉన్నాది, దాని మీంచి పాక ఉన్న సోటు ఏపు సూసారు. అక్కడిప్పుడు సెల్లు టవరుంది.

టీచరు రిజిస్టరు తీసి, ఎర్ర పెన్ను ఇచ్చినాది. మేస్టారు పేజీ అంతా సదివారు, పిల్లలందరి పేర్లూ. నా వరస కాడికొచ్చి పెన్ను ఆనించారు. గీత గియ్యలేదు. "ఏటి మేస్టారూ?" అన్నాను.

"చెయ్యి వణుకుతోందిరా" అన్నారు. నిన్న ఎమ్మార్వో ముందు వొణకని చెయ్యి. నేను మణికట్టు పట్టుకోబోతే వొద్దని పక్కకి తోసీసి, ఒక్క గీత గీసారు. పైన "సనపల అప్పలసూరి" అని రాసి, తేదీ ఏసి, సంతకం ఎట్టారు. కులం గడిలో కూడా నింపీసారు.

బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డారు. నేను పక్కన కూకున్నాను.

"ఎమ్మార్వో దగ్గర సగమే చెప్పానురా. మీ అమ్మ పట్టుబట్టి రాయించిందన్నాను. అది నిజమే."

"మిగతా సగం ఏటి?"

"ఆ రోజు బడి విడిచిపెట్టాక బీరువాకి తాళం వెయ్యలేదు. రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. మొత్తం ఉద్యోగంలో ఆ ఒక్కరోజే. దానమ్మకి ఆ వరస చూపించాను. దానికి చదువు రాదు. ఏ అక్షరం నీ పేరు, ఏ అక్షరం నాది అని అడిగింది. వేలు పెట్టి చూపించాను."

ఆల్లకి పిల్లల్లేరు. ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. నలబై ఏళ్ళు తెలిసే ఉన్నాది. అయినా ఆ మాట అప్పుడే మొదటిసారి ఇన్నట్టయిపోనాను. నేను గడ్డిమేటెనక దాక్కున్న మూడుసార్లూ ఆయన మా వాకిట్లో ఎంతసేపు నిలబడ్డారో నాకు తెల్దు. నేను బయటికి రాలేదు కదా.

ఆటోవోడు హారను కొడతన్నాడు.

మేస్టారు నా భుజం పట్టుకుని లెగిసారు. "పిల్ల ఏ రోజు వెళ్ళాలిరా?"

"రేపే మేస్టారూ."

"పొద్దున్న బస్సుకి పంపు. ఆలస్యంగా వెళ్ళిన వాళ్ళని వెనక నించోబెడతారు" అని ఆటో ఎక్కీసారు.